బూడిద రంగు వరుసలు

వానాకాలం పోయింది, చలికాలం కూడా వెళ్లిపోతోంది. ఇంతవరకు మా కాలనీలో ఒక్కరు కూడా నన్ను పిలిచి "అసలేం జరిగింది?" అని అడగలేదు. అంతా తెలిసినట్టే మాట్లాడారు, తీర్పు చెప్పారు, ఇళ్లకు వెళ్లి అన్నాలు తిన్నారు. నేను పెట్టిన మెసేజ్‌లు చదివారు. చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి, జవాబు మాత్రం పడలేదు. మీటింగ్‌లో లేచి చెప్పబోతే లిఫ్టు రిపేరు సంగతి ముందుకొచ్చింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. రాసేటప్పుడు మధ్యలో ఎవరూ అడ్డం రారు. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. నేను ముందే అడిగానని మా సంఘం ఒప్పుకోవాలి. అడిగినదానికి జవాబు చెప్పాలి.

మేముండేది ఉప్పల్‌లో. నా పని నాచారం పారిశ్రామికవాడలో, పంపుల విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో. కాగితం మీద నేను స్టోర్స్ అసిస్టెంటును. నిజానికి పొద్దున వెళ్లి కూర్చోగానే చేసేది ఎక్సెల్ ఫైళ్లు చదవడం. కొనుగోళ్ల వాళ్ల ఫైలు ఒకటి, తయారీ వాళ్లది ఒకటి, లారీలకు సరుకెక్కించే వాళ్లది ఒకటి. మూడూ మూడు రకాలుగా ఉంటాయి. వాటిని కళ్లతో పోల్చి చూసి చూసి మెడ పట్టేసిన తర్వాత పైథాన్ నేర్చుకుని ఒక ప్రోగ్రాము రాసుకున్నాను. ఎక్సెల్ ఫైలును చదవడానికి అందులో లైబ్రరీ అని ఒకటి దొరుకుతుంది. ఎవరో ముందే రాసిపెట్టిన కోడు అన్నమాట. ఫైలు పేరు ఇస్తే చాలు, ఏ గడిలో ఏముందో వరుసగా తెచ్చి చేతిలో పెడుతుంది. నాకెవరూ నేర్పలేదు. భోజనం వేళలో టిఫిన్ డబ్బా పక్కన ఫోన్ ఆనించి వీడియోలు చూసి నేర్చుకున్నాను. మా మేనేజరు ఇప్పటికీ దాన్ని "నీ కంప్యూటర్ ఆట" అంటాడు. ఆ ఆట ఒకపూట ఆగితే లారీ గేటు దాటదు. ఆ మాట మాత్రం ఆయన నోటి నుంచి రాదు.

ఈ చదివే పని ఎంత విసుగో చేసినవాళ్లకే తెలుసు. మనవాళ్లు ఎక్సెల్‌ను గోడకంటించే కాగితంలా వాడతారు. పైన నాలుగు గడులు కలిపేసి కంపెనీ పేరు లావుగా రాస్తారు. అది అలంకారమని మనిషికి తెలుస్తుంది, లైబ్రరీకి తెలియదు. దాన్నే మొదటి సరుకు పేరనుకుని తెస్తుంది. ఒకరు తేదీకి చుక్కలు పెడతారు, ఒకరు గీతలు పెడతారు, ఇంకొకరి తేదీ చదివితే ఏదో ఐదంకెల సంఖ్య వచ్చి పడుతుంది. ఫోన్ నంబరు చివర ఒక చుక్కా, ఒక సున్నా తోకలా తగులుకుంటాయి. ఇవన్నీ సరిచేసేది ఎవరు? నేను. సరిచేశానని ఎవరికి తెలుసు? ఎవరికీ తెలియదు. తప్పు జరిగిన రోజు మాత్రం నా కుర్చీ ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది.

కాలనీ పని నా నెత్తికెక్కింది కూడా ఈ విద్య వల్లే. మాది నాలుగు బ్లాకుల అపార్ట్‌మెంట్. సగం మంది రైల్వేలోనో, కేంద్ర సంస్థల్లోనో చేసి రిటైరైనవాళ్లు. మా సంఘానికి కార్యదర్శి ఒక పెద్దాయన, కృష్ణా జిల్లా మనిషి, రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసి వచ్చారు. అందరి పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఒక ఎక్సెల్ ఫైలులో పెట్టుకుని, రోజూ కాఫీ తాగుతూ, ఆ రోజు ఎవరిదైతే వాళ్ల ఫోనుకు శుభాకాంక్షలు పంపేవారు. ఆయన కంటికి ఆపరేషన్ అయింది. ఫోన్ ఎక్కువసేపు చూడొద్దన్నారు. అప్పుడు సంఘం అధ్యక్షుడు నన్ను లిఫ్టులో పట్టుకున్నాడు. ఆయనది ఉప్పల్‌లోనే పుట్టి పెరిగిన కుటుంబం. నన్ను తమ్మి అంటాడు, నేను అన్న అంటాను. ఇది నీకు చిటికెల పని, పంద్రాగస్టు లోపల చాలు కావాలె అన్నాడు, అంటే మొదలైపోవాలని. వస్తుందా, రాదా అని అడగలేదు. లిఫ్టు నా అంతస్తుకు వచ్చేసరికి పని నాదైపోయింది.

ఫైలు నా కంప్యూటర్‌లో తెరిచాను. కార్యదర్శి గారి చేతిరాత ఎంత శుభ్రమో ఫైలూ అంత శుభ్రం. కానీ అదే గోల. 'ఏ బ్లాకు' అన్న మాట ఒక్కసారే రాసి, కింద గడులన్నీ దాంతో కలిపేశారు. లైబ్రరీ చదివితే మొదటి ఇంటికి బ్లాకు పేరు వచ్చింది, మిగతా ఇళ్లన్నీ ఖాళీ. అది సరిచేశాను. తేదీలు సరిచేశాను. ఫోన్ నంబర్ల తోకలు కత్తిరించాను. ఇంతా అయ్యాక కంటికి ఆనింది రంగు. కొన్ని వరుసలకు లేత ఆకుపచ్చ వేసి ఉంది. కొన్నింటికి బూడిద రంగు. ఒకటి రెండు గులాబీ కూడా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతిదంతా అర్థం కాదు. నేను వాడే పద్ధతిలో లైబ్రరీ గడిలో రాసినదాన్ని తెస్తుంది, గడికి పూసిన రంగును తేదు. దానికి తెల్ల వరుసా ఒకటే, బూడిద వరుసా ఒకటే. కాబట్టి ఆ రంగులకు ఏదైనా అర్థం ఉంటే నాకు తెలియాలి. అందుకే కాలనీ గ్రూపులో అడిగాను. "ఫైలులో కొన్ని పేర్లకు రంగులున్నాయి. వాటి అర్థమేమిటో దయచేసి చెప్పండి. ప్రోగ్రాము రంగు చూడదు." ఇంతకంటే తేటగా ఎలా అడగాలి? దాని మీద వెంటనే ఎవరో గులాబీ పువ్వుతో శుభోదయం బొమ్మ పెట్టారు. ఒకరు బొటనవేలు చూపించారు. తెలిసినవాళ్లు చెప్పండి అని ఒకాయన రాశారు. తెలిసినవాళ్లు చెప్పలేదు. మర్నాడు మళ్లీ అడిగాను. ఈసారి దాని మీద వాటర్ ట్యాంకర్ రాలేదన్న పంచాయతీ పడింది.

గ్రూపును నమ్ముకుంటే లాభం లేదని కార్యదర్శి గారినే గేటు దగ్గర పట్టుకున్నాను. ఆయన ట్యాంకర్ డ్రైవరుతో మాట్లాడుతున్నారు. రంగుల సంగతి ఎత్తగానే చెయ్యి ఊపారు.

"అవి నా గుర్తులండీ, నేను చూసుకునేందుకు వేసుకున్నవి. మీరు వాటిని పట్టించుకోకండి."

ఇవీ ఆయన మాటలు. ఒక్క అక్షరం కలపలేదు. పట్టించుకోవద్దన్నారు, పట్టించుకోలేదు.

ప్రోగ్రాము మొదలైంది. పొద్దున్నే ఫైలు చదివేది, ఆ రోజు ఎవరిదైనా పుట్టినరోజో, పెళ్లిరోజో ఉంటే వాళ్ల ఫోనుకు మెసేజ్ పంపేది. మెసేజ్‌లోని మాటలు అధ్యక్షుడివి. దంపతులిద్దరూ నిండు నూరేళ్లు ఒకరికొకరు తోడుగా ఉండాలని, అలాంటి పెద్ద పెద్ద మాటలు. నేను కొంచెం చిన్నగా రాద్దామంటే వినలేదు. జనం మెచ్చుకున్నారు, అధ్యక్షుణ్ని. పంద్రాగస్టు జెండా దగ్గర వందన సమర్పణలో టెంటు వేసినవాడి పేరు చెప్పారు, మైకు సెట్టు వాడి పేరు చెప్పారు, బూందీ ప్యాకెట్లు తెచ్చినామె పేరు చెప్పారు. నేను రెండో వరుసలో నిలబడి చివరిదాకా విన్నాను. ఆ రోజు నాకు బూందీ కూడా అందలేదు. అందలేదని ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఆ తర్వాత ఒక వాన పొద్దున, నేను స్కూటరు మీద నాచారం పోతుంటే జేబులో ఫోన్ మోగడం మొదలైంది. ఆగి ఎత్తే జాగా లేదు, రోడ్డంతా నీళ్లు, ముందు బస్సు, వెనక ఆటో. మోగి ఆగింది, మళ్లీ మోగింది. కంపెనీ గేటు లోపలికి వెళ్లి రెయిన్‌కోటు విప్పి చూస్తే అధ్యక్షుడి మిస్డ్ కాల్స్, గ్రూపులో గోల. సి బ్లాకులో ఒక టీచరమ్మ ఉంటారు, ప్రభుత్వ బడిలో చేసి రిటైరయ్యారు. అంతకుముందు ఎండాకాలంలో ఆమె భర్త పోయారు. ఆ పొద్దున ఆయన ఫోనుకు మా సంఘం తరఫున పెళ్లిరోజు శుభాకాంక్షలు వెళ్లాయి. నిండు నూరేళ్లు తోడుగా ఉండమని. ఆ ఫోన్ ఆమె దగ్గరే ఉంటుంది, ఛార్జింగ్ పెట్టి.

ఫైలులో ఆయన వరుస బూడిద రంగు. పోయినవాళ్ల వరుసలన్నీ బూడిద రంగేనని నాకప్పుడు తెలిసింది.

ఆయన పోయిన సంగతి నీకు తెలియదా అని గ్రూపులో అడిగారు. సి బ్లాకులో ఒకాయన పోయారని విన్నమాట నిజమే. కానీ నేను చీకటి విడవకముందే వెళ్లి, దీపాలు పెట్టాక వస్తాను. మనుషులను ముఖాలతో గుర్తుపడతాను, లేదా వాళ్ల బండితో. ఇంటిపేరుతో సహా రాసిన ఆ నిండు పేరు, రోజూ పాల ప్యాకెట్ కోసం వచ్చే ఆ తెల్ల లాల్చీ ఆయనదేనని నాకెలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు కూడా జవాబు రాలేదు. మధ్యాహ్నానికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. పోయినవాళ్ల పేరు ఫైలులోంచి తీయడానికి చేతులు రాని కాలనీ, బతికున్న నన్ను ఒక్క నొక్కుతో తీసేసింది.

ఆదివారం సెల్లార్‌లో మీటింగ్ పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నాకు దొరికింది చెయ్యి విరిగిన కుర్చీ. గ్రూపులో నేను అడిగిన మెసేజ్ తెరిచి ఫోన్ చేతికిస్తే, అధ్యక్షుడు కళ్లద్దాలు లేవని చదవలేదు. నేనే గట్టిగా చదివి వినిపించాను.

"నువ్వు అడిగినవ్ తమ్మి, నేను కాదంటలేను," అన్నాడాయన. "జవాబు రాకపోతే జర ఆగాలె గద. నిన్ను ఎవ్వలు ఉరికిచ్చిన్రు?"

"నువ్వే ఉరికిచ్చినవ్ అన్నా. పంద్రాగస్టు లోపల కావాలె అన్నది నువ్వే గద."

వెనక ఎవరో నవ్వారు. అధ్యక్షుడికి అది నచ్చలేదు.

"మా అల్లుడు సాఫ్ట్‌వేర్ల జేస్తడు. రంగు గూడ సదువుతదంట గద లైబ్రరీ. నువ్వే సదివియ్యలేదు. గదేంది మరి?"

ఈ దెబ్బ కోసం నేను సిద్ధంగా లేను. కానీ నిజం నిజమే. ఇంకో పద్ధతిలో అడిగితే రంగు కూడా చదువుతుంది.

"సదువుతది," అన్నాను. "గీ గడి బూడిద రంగున్నది అని చెప్తది. బూడిద రంగంటే మనిషి లేడని ఎవ్వలు చెప్పాలె? రంగేసినోళ్లు చెప్పాలె. ఏసినోళ్లను అడిగితే పట్టించుకోకు అన్నరు."

అందరూ కార్యదర్శి గారి వైపు చూశారు. ఆయన కళ్లద్దాలు తీసి లాల్చీ అంచుతో తుడుచుకుంటున్నారు. తుడవడం అవ్వలేదు. ఈలోగా ఎవరో బీ బ్లాకు లిఫ్టు మళ్లీ ఇరుక్కుందన్నారు, సగం మంది లేచారు. నా సంగతి అక్కడే ఆగిపోయింది. ఇంటికి వస్తే మా ఆవిడ, కుర్చీలోంచి పడలేదు గదా, అదే నయం అంది. ఆమెకు ఇదంతా విని విని విసుగొచ్చింది. ఆమెను తప్పు పట్టను. నాకే విసుగొచ్చింది.

నాలుగు రోజులు చూసి కార్యదర్శి గారి ఇంటికి వెళ్లాను. గొడవ పెట్టుకుందామనే వెళ్లాను. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు, ఒక కంటికి ఇంకా మందు వేసుకుంటున్నారు. ఎందుకు చెప్పలేదు సార్ అని అడిగాను.

"తీసేయడానికి మనసు రాలేదండీ," అన్నారు. "మొదట ఒకాయన పోయినప్పుడు ఆ వరుస మీద బాణం పెట్టి తీసేద్దామనుకున్నాను. పేరు కొట్టేస్తే ఆ ఇల్లే లేనట్టుంది. పద్నాలుగేళ్లు పక్కపక్కన వాకింగ్ చేశాం. అందుకని రంగు వేసి ఊరుకున్నా. పొద్దున చూసుకుంటూ, రంగు కనిపిస్తే వదిలేసేవాణ్ని."

"గదే మాట గేటు కాడ నాకు చెప్తే అయిపోతుండె గద సార్."

"ట్యాంకరు వాడు ఎదురుగా ఉన్నాడు. ఫలానావాళ్లు పోయారని అక్కడ నిలబడి ఎలా చెప్పమంటారు?"

సరే, బూడిద రంగు అర్థమైంది, మరి ఆకుపచ్చ ఏంటి అని అడిగాను. ఊరు మారినవాళ్లకు వేశానేమో అన్నారు. కాదు కాదు, ఇంటిని అద్దెకిచ్చి ఘట్‌కేసర్ వైపు వెళ్లినవాళ్లకు అన్నారు. వాళ్లలో ఒకాయన ఆరోగ్యం బాగోలేదని విన్నాను, ఆయనకూ అదే వేశానా అని తనలో తనే అనుకున్నారు. చివరికి గుర్తు రావడం లేదండీ అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని వెళ్లినవాణ్ని, కాఫీ తాగి వచ్చేశాను. అయినా మీటింగ్‌లో ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నా పేరు నిలబడేది. అది మరిచిపోలేదు.

టీచరమ్మ ఇంటికి వెళ్లడానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది. తలుపు తీసి నన్ను చూసి పక్కకు జరిగారు, లోపలికి రమ్మన్నట్టు. హాల్లో బల్ల మీద రెండు ఫోన్లు ఉన్నాయి. నేను నిలబడే, గ్రూపులో ముందే అడిగిన సంగతి మొదలుపెట్టాను. రంగులు, లైబ్రరీ, గేటు దగ్గర మాట, అన్నీ. ఇన్ని రోజుల్లో నన్ను చివరిదాకా విన్నది ఆమె ఒక్కరే.

"మీరు అడిగింది నేను చూశాను," అన్నారు.

"మీరు చూసిన్రా మేడం?"

"చూశాను. బూడిద రంగంటే ఏంటో కూడా నాకు తెలుసు. ఈయన పోయాక కార్యదర్శి గారు వచ్చి, పేరు తీయలేదమ్మా, రంగు వేశానని చెప్పి వెళ్లారు. మీ ప్రశ్న చదివి టైప్ చేద్దామని కూర్చున్నాను. పోయినవాళ్లకు ఆ రంగు, అందులో మా ఆయన ఉన్నారు అని, అంతమంది ఉన్న గ్రూపులో నేను రాయాలి. రాసి, తుడిచేశాను. ఇంకెవరైనా చెబుతారులే అనుకున్నాను."

నేను కూర్చున్నాను. కూర్చోమని ఆమె అన్నట్టు గుర్తులేదు.

ఆమె కూడా జవాబు చెప్పనివారిలో ఒకరే. నా లెక్కలో పెట్టుకోవాలి. పెట్టుకోలేకపోతున్నాను. జవాబు చెప్పడం ఎవరికైనా బరువు అయి ఉంటే అది ఆమెకే, మిగతావాళ్లకు కాదు. మిగతావాళ్లు ఆ ఒక్క వాక్యం రాస్తే ఆమె రాయనక్కర్లేకపోయేది. ఆ పెళ్లిరోజు మెసేజ్ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లేచేటప్పుడు మాత్రం అడిగారు, ఆయన వరుస తీసేశారా అని. లేదన్నాను. తీయకండి, మెసేజ్ మాత్రం రాకుండా చూడండి అన్నారు.

అదెంత పని? ప్రోగ్రాము ఆ వాన రోజు నుంచే ఆపి ఉంచాను, ఇప్పుడు ఫైలులో చివర ఒక కొత్త నిలువు వరుస పెట్టాను. దాని పేరు 'పంపాలా'. ప్రతి పేరు ఎదురుగా అవును అనో, వద్దు అనో రాస్తే చాలు, రంగుతో పని లేదు. లైబ్రరీ మాటలు చదువుతుంది, ఆ మాట చదివి ఆగుతుంది. ఎవరి పేరూ కొట్టేయక్కర్లేదు. బూడిద వరుసల ఎదురుగా 'వద్దు' అని నేనే రాశాను. ఆకుపచ్చ, గులాబీ వరుసలు ఖాళీగా ఉన్నాయి. దసరా ముందు బతుకమ్మ ఆడేవాళ్ల పేర్ల కోసం నన్ను మళ్లీ గ్రూపులో చేర్చుకున్నారు. ఎందుకు తీశారో చెప్పలేదు, ఎందుకు చేర్చారో చెప్పలేదు. చేర్చగానే ఆ ఖాళీ గడుల సంగతి పెట్టాను. సంక్రాంతికి పెట్టాను. మొన్న మళ్లీ పెట్టాను. బ్లాకుకు ఒకరు లేచి నాలుగు తలుపులు కొడితే అయిపోయే పని. నేను కొడదామంటే, నన్ను చూడగానే ఆ మెసేజ్ వాడు అనుకుంటారు. రెండు ఇళ్లలో తలుపు తీసి అలాగే చూశారు, మూడో ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఉగాది వస్తోంది. అధ్యక్షుడు మళ్లీ లిఫ్టులో కలిశాడు. అయిందేదో అయింది తమ్మి, ఉగాది నుంచి మళ్ల చాలు చెయ్యి, జనం అడుగుతున్నరు అన్నాడు. ఖాళీ గడుల సంగతి ఏమైందన్నా అంటే, నువ్వు చాలు చెయ్యి, చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. ఇంకో ఇంట్లో ఇంకో ఫోన్ మోగుతుంది, ఆ సాయంత్రానికి నేను మళ్లీ గ్రూపులో ఉండను.

చాలు చెయ్యను. ప్రోగ్రాము నా కంప్యూటర్‌లో ఉంది, బాగానే ఉంది, ఫైలు చదవడానికి దానికి రెప్పపాటు చాలు. నేను అలిసిపోయాను, కానీ మొండిగానే ఉన్నాను. అన్నా, అధ్యక్షుడివి నువ్వు. నీకు చెబుతున్నాను, మిగతావాళ్లు కూడా వినండి. అతను ముందే అడిగాడు, మేమే చెప్పలేదు అని నీ ఫోన్ నుంచి గ్రూపులో ఒక్క వాక్యం రాయి. టీచరమ్మ చదివేలా రాయి. ఆ తర్వాత ఆకుపచ్చ, గులాబీ వరుసల్లో ఉన్నవాళ్లు ఎవరు, ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు, మెసేజ్ పంపాలా వద్దా, ఇది చెప్పండి. ఎవరు చెబుతారు?